చర్మానికీ మనసుకూ చుట్టరికం

మోచేతుల మీద, మోకాళ్ళ మీద ఎర్రని మచ్చలు వస్తాయి. వాటి మీద తెల్లని పొలుసులు లేస్తాయి. దురద పెడుతుంది. ఈ జబ్బు పేరు సోరియాసిస్.

ఇది అంటు జబ్బు కాదు. ముట్టుకుంటే రాదు. కలిసి తింటే రాదు. పాపం వల్ల, శాపం వల్ల అసలే రాదు.

మరి ఎలా వస్తుంది?

తల్లి ముక్కు, తండ్రి రంగు పిల్లలకు వస్తాయి కదా! వాటిని మోసుకొచ్చేవే జన్యువులు. సోరియాసిస్ వచ్చే గుణం కూడా జన్యువుల్లో ఉంటుంది. ఆ గుణం ఉన్న వాళ్ళందరికీ జబ్బు రాదు. విత్తనం ఉన్నా తడి తగిలితేనే మొలుస్తుంది. గొంతు జబ్బు, చర్మానికి దెబ్బ, తీరని దిగులు ఆ తడి లాంటివి.

ఇక మనసు సంగతి. కడుపులో బిడ్డ తయారయ్యే తొలి వారాల్లో పైచర్మం, మెదడు ఒకే పొర నుంచి పుడతాయి. రోగాల నుంచి మనల్ని కాపాడే జన్యువుల్లో కొన్ని ఒకచోట గుంపుగా ఉంటాయి. ఆ గుంపుకు సోరియాసిస్‌తో సంబంధం ఉంది. స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధితోనూ సంబంధం ఉంది.

సోరియాసిస్ ఉన్నవాళ్ళలో దిగులు జబ్బు కూడా ఎక్కువ. దీనికి జన్యువులొక్కటే కారణం కాదు. నలుగురూ దూరం పెడితే ఎవరి మనసు కుంగదు? "ఏం పాపం చేసిందో" అనే మాట దురద కన్నా ఎక్కువ బాధ పెడుతుంది.

చాలామంది ఆడవాళ్ళు చర్మం డాక్టరుకు మచ్చలు చూపిస్తారు. నిద్ర పట్టడం లేదని, ఏడుపు వస్తోందని చెప్పరు. మానసిక డాక్టరు దగ్గర మచ్చలు దాచుకుంటారు. ఇది మంచిది కాదు. మనోవ్యాధికి ఇచ్చే లిథియం అనే మందు కొందరిలో సోరియాసిస్‌ను పెంచుతుంది. అందుకే రెండు సంగతులూ చెప్పాలి. డాక్టరును అడగకుండా ఏ మందూ మానకూడదు.

తల్లికి ఉంటే కూతురికి తప్పక వస్తుందా? అలా ఏమీ లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికే ఉంటే, ఎక్కువ మంది పిల్లలకు రాదు. దీని కోసం పెళ్ళి సంబంధం వదులుకోనక్కర లేదు.

సోరియాసిస్‌ను మందులతో అదుపులో పెట్టవచ్చు. దిగులుకూ వైద్యం ఉంది. 2022లో ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. డబ్బు కట్టక్కర లేదు. తెలుగులో మాట్లాడవచ్చు.

చర్చించండి:
1. సోరియాసిస్ ఉన్న మనిషిని మన ఊళ్ళో ఎలా చూస్తున్నారు?
2. డాక్టరుకు రెండు సంగతులూ ఎందుకు చెప్పాలి?