స్వల్పవ్యయ యాత్ర: శ్రీకాకుళము, శాలిహుండము

విద్యార్థులారా! యాత్రలు ధనవంతులకే తగినవని తలంచువారు పెక్కురు కలరు. మితద్రవ్యముతో ఒక పట్టణమున రెండు రాత్రులు బసచేసి, అందుండి ఒక దినము సమీపస్థలమునకు పోయివచ్చు విధమును మా యనుభవమునుబట్టి ఈ పాఠమున వివరించెదము.

తరగతిలో శాలిహుండమును గూర్చి చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, ఆ కొండను మీరు చూచితిరా?" అని యడిగెను. ఇరువది యేండ్లుగా చెప్పుచుంటిమి గాని చూడలేదు. సిగ్గుపడుచునే "లేదు" అంటిమి. ఇంట ఈ మాట చెప్పగా మా గృహిణి, కుట్టుమిషను బాగుచేయించుటకు దాచిన మూడువేల రూపాయలు తెచ్చి, "దీనిలోనే ఇద్దరము పోయివత్తమండీ" అనెను.

విజయనగరమున రైలు రెండవ తరగతి పెట్టె నెక్కి, ఆముదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, బస్సులో పట్టణము చేరితిమి. ఇది పూర్వము చికాకోలు సర్కారునకు ముఖ్యస్థానము. 1641లో షేర్ మహమ్మదు ఖాను కట్టించిన జుమ్మా మసీదును చూచి, నాగావళి యొడ్డున కూర్చుండి, ఇంటినుండి తెచ్చుకొనిన పులిహోర భుజించితిమి.

మరునాడు శాలిహుండమునకు పోయితిమి. ఈ కొండ వంశధారానదికి దక్షిణపు టొడ్డున నున్నది. ఇచ్చటి బౌద్ధ శిథిలములను 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు కనుగొనిరి. ఇటుక స్తూపముల పునాదులు, గుండ్రని చైత్యగృహములు మెట్లమెట్లుగా కొండపైకి వ్యాపించియున్నవి. తార, మారీచి మొదలగు విగ్రహములు ఇచ్చట దొరకినవి. హీనయానమునుండి వజ్రయానమువరకు బౌద్ధమతము పొందిన మార్పులు ఒక్క కొండమీదనే తెలియుచున్నవి. పైనుండి చూడగా క్రింద నది, తూర్పున కళింగపట్టణపు దిక్కు. సముద్రవ్యాపారమునకు దగ్గరగా ఈ విహారము వెలయుటకు కారణము పుస్తకములో కంటె అచ్చట సులభముగా బోధపడెను.

తిరుగు బస్సు వేళ ముందుగా అడుగనందున అది తప్పిపోయెను. ఎండలో చాలదూరము నడచితిమి. మా గృహిణి కాలు బొబ్బలెక్కినను ఒక్క మాట యనలేదు. తప్పు మాదే.

ఇద్దరికి అయిన వ్యయము:
బస, రెండు రాత్రులు: 1,400 రూ.
రైలు, బస్సు, ఆటో: 560 రూ.
భోజనము: 840 రూ.
మొత్తము: 2,800 రూ.

మిగిలిన 200 రూపాయలు కుట్టుమిషను డబ్బాలో మరల వేసితిమి. తక్కినది నెలనెలకు కూడబెట్టి చేర్చుట మా వంతు.

గమనింపవలసినవి: పోవు స్థలమును గూర్చి ముందుగా చదువుడు. కొండ ఎక్కకమునుపే తిరుగు బస్సు వేళ యడుగుడు. త్రాగునీరు వెంట గొనిపొండు. ప్రాచీనమైన యిటుకలపై పేర్లు గీయకుడు.

సెలవులు ముగిసిన పిదప ఆ బాలుని పిలిచి, "చూచితిమి" అని చెప్పి, పాఠమును మరల మొదటినుండి చెప్పితిమి.

అభ్యాసము: మీ గ్రామమునుండి శాలిహుండమునకు ఇద్దరు పోయివచ్చుటకు వ్యయ మెంత యగునో మీ తల్లిదండ్రులతో గూడి లెక్క వేయుడు.