గట్టు మీద నడక

చల్లపల్లి

బంగారుతల్లీ,

రీసెర్చికి టోపోలాజికల్ ఇన్సులేటర్లు, అందులోనూ ఒంటిపొర లాంటి పలుచటి రకాన్ని ఎంచుకున్నానని నువ్వు చెప్పిన రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్పలేకపోయిన నాలుగు మాటలు రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

మన పొలం గుర్తు తెచ్చుకో. నాట్ల వేళ చేలో కాలు పెడితే దిగబడుతుంది, నడవాలంటే గట్టే గతి. నీ పదార్థమూ అంతే. లోపల కరెంటు కదలదు, అంచు వెంట పారుతుంది. ఆ ఒక్క అంచు మీదే పై స్పిన్ ఎలక్ట్రాన్లు ఒక దిక్కుకీ, కింది స్పిన్‌వి ఎదురు దిక్కుకీ పోతాయి. మామూలు లోపం అడ్డొచ్చినా వెనుదిరగవు. కాలాన్ని తిప్పి నడిపినా మారని సౌష్టవం వాటిని అలా కాపాడుతుంది. అయస్కాంత గుణమున్న మలినం చేరిందా, ఆ రక్ష సడలుతుంది.

మన గట్టు తవ్వేస్తే పోతుంది. ఈ అంచును కోసేస్తే మాత్రం కోసినచోట మళ్లీ దారి పుడుతుంది. ఎందుకో కండువాతో చెబుతాను. ఒక మెలి వేసి రెండు కొసలూ కలిపి కుట్టేస్తే, ఎంత లాగినా ఆ మెలి పోదు, కుట్టు విప్పాల్సిందే. పదార్థం లోపలి శక్తిపట్టీల్లో అలాంటి మెలి ఉంది, బయట లేదు. రెండూ కలిసే అంచున కుట్టు విప్పక తప్పదు. ఆ విప్పినచోటే కరెంటుకు దారి.

2005లో కేన్, మెలే దీన్ని గ్రాఫీన్‌లో ఊహించారు. 2006లో బెర్నెవిగ్, హ్యూస్, జాంగ్ మెర్క్యురీ టెల్యురైడ్ పొర వైపు చూపించారు. మందం సుమారు 6.4 నానోమీటర్లు దాటితే పట్టీల వరుస తలకిందులవుతుందని వాళ్ల లెక్క. మరుసటి ఏడే జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో మోలెన్‌క్యాంప్ బృందం కొలిచి చూసింది.

ఆ కొలతల దగ్గర ఆగి చూడు. ఒక మైక్రాన్ పొడవున్న నమూనాల వెడల్పు ఒకదానిలో మైక్రాన్, ఇంకోదానిలో అర మైక్రాన్. రెండింటిలోనూ నిరోధం సుమారు 12.9 కిలో ఓమ్‌లే. వెడల్పు మారినా విలువ మారలేదంటే కరెంటు అంచునే పోతున్నట్టు. అయితే 20 మైక్రాన్ల నమూనాలో నిరోధం చాలా ఎక్కువ వచ్చింది. దాన్నీ అదే వ్యాసంలో, అదే బొమ్మలో అచ్చువేశారు. 2018లో టంగ్‌స్టన్ డైటెల్యురైడ్ ఒంటిపొరలో ఈ అంచు దారి 100 కెల్విన్ దాకా నిలిచింది, అదీ సుమారు 100 నానోమీటర్ల పొడవులోనే. అంటే ఈ రక్షకు హద్దులున్నాయి. హద్దులు తెలిసినవాళ్లకే దాని బలం తెలుస్తుంది.

అందుకని ముందు సౌష్టవాన్ని బాగా నేర్చుకో. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు, రామన్ శిష్యులు, గ్రూప్ థియరీని భౌతిక సమస్యలకు వాడడం ఎలాగో టి. వెంకటరాయుడు గారితో కలిసి పుస్తకం రాశారు. 1948లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని వేసింది. స్ఫటికం ఏ మార్పుకు చెదరదో, ఏ మార్పుకు చెదురుతుందో అడగడం అందులో అలవాటవుతుంది. నీ పనికి ఆ ప్రశ్నే పునాది.

రెండో మాట నా జీవితంలోది. చదువుకునే రోజుల్లో ఒక ప్రాక్టికల్లో పుస్తకంలోని విలువ రాలేదని రెండు రీడింగులు దిద్దాను. మార్కులు పడ్డాయి. ఆ రోజు నా ప్రయోగంలో ఏం జరిగిందో మాత్రం ఈనాటికీ తెలియదు. దిద్దింది నేనే కనుక తెలుసుకునే దారినీ నేనే మూసేశాను. నువ్వు అలా చెయ్యకమ్మా. సరిపడని అంకెను నోట్‌బుక్కులో సిరాతో రాసి, పక్కన తేదీ వెయ్యి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ మొదటి గ్రాఫు, గీతకు ఎడంగా పడ్డ చుక్కలతో సహా, పట్టుకురా. అప్పటికి కోతలై చేలో మినుము పచ్చబడి ఉంటుంది. గట్టు మీద కూర్చుని ముందుగా ఆ చుక్కల సంగతే చూద్దాం.

నీ
తాతయ్య