సిపాయి ఇల్లాలి నిలకడ

సైన్యంలో రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. రెండూ పూర్తిగా దొరికిన ఏడాది కూడా అతను ఇంట్లో ఉండేది మూడు నెలలే. పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్ళ సర్వీసు కావాలి. ఆ సర్వీసంతా కుటుంబాన్ని వెంట తీసుకుపోలేని చోట్ల గడిచిందనుకుంటే, అతని భార్య పదకొండేళ్ళకు పైగా ఒక్కతే సంసారం ఈదినట్టు. మధ్యలో కుటుంబంతో ఉండగల పీస్ స్టేషన్‌లో క్వార్టర్స్ దొరికి రెండు మూడేళ్ళు కలిసి ఉన్నా, ఒంటరి కాలం తొమ్మిదేళ్ళ దాకా తేలుతుంది.

వ్యక్తిత్వ వికాసం మీద మాట్లాడేవాళ్ళు ఎక్కువగా కంపెనీలు పెట్టినవాళ్ళను, పోటీ పరీక్షలు గెలిచినవాళ్ళను ఉదాహరణగా చూపిస్తారు. వాళ్ళ నుంచి నేర్చుకోవలసింది ఉంది, కాదనను. కానీ నిలకడ అనే గుణం గురించి ఎవరైనా అడిగితే, గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలు దారిలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్ల చుట్టుపక్కల ఊళ్ళలో బతికిన సిపాయిల ఇల్లాళ్ళ గురించే నేను చెబుతాను. వాళ్ళ పేర్లు పుస్తకాలకు ఎక్కలేదు. చాలామంది ఎనభై, తొంభై ఏళ్ళు బతికారు. ఆదివారం గుడికి, అంటే చర్చికి, తెల్లచీర కట్టుకుని బైబిలు చేతపట్టుకుని వెళ్ళేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళ గురించి.

ఈ సీమ నుంచి కుర్రాళ్ళు పట్టాళంలో చేరడానికి కారణం వెతుక్కోనక్కరలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. అది కూడా అదనులో పడితేనే వేరుశనగ చేతికొస్తుంది. వానాధార సేద్యాన్ని నమ్ముకున్న ఇంట్లో ప్రతి నెలా ఒకేలా వచ్చే జీతం ఎంత పెద్ద మాటో కరువు చూసినవాళ్ళకు తెలుసు. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లే. 1780లో పుట్టిన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అనే సైనిక దళం కేంద్రం అక్కడే, అలసూరు చెరువు పక్కన ఉంది. కొడుకు చేరాడంటే ఇల్లు నిలబడినట్టే. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లకు మాత్రం పెళ్ళైన నెలకే మొగుడు ట్రంకు పెట్టె సర్దుకుని రైలెక్కడం కనిపిస్తుంది.

తర్వాత ఆమెకు మిగిలేది ఒక అడ్రసు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద 56 ఏపీవో లేదా 99 ఏపీవో అనే సైనిక తపాలా నంబరు. భర్త మంచులో ఉన్నాడో ఎడారిలో ఉన్నాడో ఆ అంకె చెప్పదు. ఆ రోజుల్లో ఇన్‌లాండ్ లెటరు రాయాల్సి వచ్చేది. రాయడం రాకపోతే ఎవరిచేతనైనా రాయించుకోవాల్సి వచ్చేది. అత్తగారితో పడిన గొడవనూ, బిడ్డకు వచ్చిన జ్వరాన్నీ వేరే మనిషి చేత రాయిస్తే ఎంత రాయించగలం? అందుకే కొందరు పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నారు. మొగుడికి తన మాట తానే రాసుకోవాలన్న కోరిక ఒక మనిషికి చదువు నేర్పింది. ఏ వయోజన విద్య పుస్తకమూ అంత గట్టి కారణం చూపించలేదు.

మనియార్డరు వచ్చేది. అందులో అత్తమామలకు ఎంత, అప్పుకు ఎంత, బిడ్డ ఫీజుకు ఎంత? బావికి పూడిక తీయించాలా, ఎనుము కొనాలా? ఉత్తరం రాసి జవాబు వచ్చేసరికి మూడు వారాలు దాటేది, అదను ఆగేది కాదు. అందుకని నిర్ణయం ఆమే తీసుకోవలసి వచ్చేది. నిర్ణయం తీసుకునే శక్తి ముందు పుట్టి తర్వాత బాధ్యత రాలేదు. బాధ్యత నెత్తిన పడ్డాక, తప్పో ఒప్పో ఒకటి తేల్చి, దాని ఫలితం తానే మోసి, మళ్ళీ ఇంకోటి తేల్చగా తేల్చగా ఆ శక్తి వచ్చింది. ఆత్మవిశ్వాసం కుదిరాక పనిలోకి దిగుదామని ఆగిపోయిన యువతీ యువకులను ఎంతోమందిని చూస్తుంటాను. వరస తిరగేసి చూడమని వాళ్ళకు చెబుతాను.

ఇక చర్చి సంగతి. ఈ ప్రాంతంలో లండన్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంస్థ పని 1810లో బళ్ళారిలో మొదలై, 1822లో కడపకు వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ సంఘాలు అందులో కలిశాయి. సిద్ధాంతాల మాట ఎలా ఉన్నా, ఒంటరిగా సంసారం నడిపే ఆడమనిషికి ఆ చిన్న ప్రార్థనాలయం ఏమిచ్చిందో విడిగా చూడాలి.

స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పమంటారు. పదిమంది ముందు లేచి నిలబడి, ఈ వారం తన ఇంట్లో ఏం జరిగిందో, ఏ కష్టం గట్టెక్కిందో చెప్పాలి. మొదటిసారి గొంతు వణుకుతుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఏడాది తిరిగేసరికి మాట తడబడదు. తాలూకాఫీసు గుమాస్తా ముందు, బడి హెడ్మాస్టరు ముందు, పోస్టాఫీసు కిటికీ దగ్గర ఆ గొంతే పనికొచ్చింది. ఈరోజు వేలు పోసి నేర్చుకుంటున్న బహిరంగ ప్రసంగం ఆమెకు శుక్రవారం ఉపవాస కూడికలో అలవడింది. ప్రార్థనలో సంఘంలోని రోగుల పేర్లు, పరీక్ష రాసే పిల్లల పేర్లు, సరిహద్దులో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలుచుకోవాలి. రోజూ పదిమంది కష్టాన్ని పేరుపేరునా తలుచుకునే మనిషి తన కష్టాన్నే ప్రపంచమనుకోదు. మనసు కుంగినప్పుడు ఇదెంత పెద్ద మందో అనుభవించినవాళ్ళకు తెలుసు.

ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేసే అలవాటు తెలుగు క్రైస్తవ ఇళ్ళలో ఉంది. నెలాఖరుకు అది కానుకగా చర్చికి పోతుంది. లేనివాళ్ళ ఇంట్లో పిడికెడు తక్కువైతే కడుపులకు తెలుస్తుంది. అయినా తీశారు. నా మట్టుకు ఈ అలవాటు ఇచ్చిన గొప్ప సంపద ఆ మనిషికి తనమీద కలిగిన గౌరవం. నేను పుచ్చుకునేదాన్నే కాదు, ఇచ్చేదాన్ని కూడా అని రోజుకు రెండుసార్లు చేత్తో చేసి చూసుకోవడం అది. కోతల పండుగ నాడు గుమ్మడికాయ తెచ్చినామెకూ, కోడిని తెచ్చినామెకూ ఒకే బల్ల ముందు చోటు దొరికేది.

చర్చి లేని ఇళ్ళలో ఈ బలం లేదని కాదు. పెనుకొండ బాబయ్య దర్గాలో మొక్కుకున్న తల్లీ, లేపాక్షి వీరభద్రుడికి ముడుపు కట్టిన తల్లీ ఇదే నిబ్బరం చూపారు. వారానికొకసారి తప్పకుండా కలిసే మనుషులు, నోరు తెరిచి చెప్పుకునే చోటు, చేతితో ఇచ్చే అలవాటు ఉన్న చోటల్లా నిలకడ పెరిగింది. సొంతంగా మనోబలం పెంచుకోవాలని గదిలో కూర్చుని కళ్ళు మూసుకునేవాళ్ళు ఈ సంగతి పట్టించుకోవాలి. గుంపు లేకుండా మనిషి ఎక్కువకాలం నిలబడటం కష్టం.

ఓర్చుకోవడమొక్కటే నిలకడ అనుకుంటే మాత్రం ఈ స్త్రీలకు అన్యాయం చేసినట్టే. ఆ తేడా చెప్పడానికి మన సీమ దాటి జార్ఖండ్ దాకా వెళ్ళాలి. గుమ్లా జిల్లా జారీ గ్రామంలోని ఒరావ్ క్రైస్తవ కుటుంబంలో పుట్టిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన రాత్రి గంగాసాగర్ దగ్గర శత్రువుల మెషిన్ గన్నులను నోరు మూయించి, ఆ దాడిలో తగిలిన గాయాలతోనే ప్రాణం విడిచాడు. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది. శవం మాత్రం ఊరికి రాలేదు, త్రిపుర వైపే సమాధి చేశారు. భార్య బలమ్‌దీనా ఎక్కాకు మిగిలింది ఒక చంటి కొడుకు. ఆమె 2021 ఏప్రిల్‌లో కన్నుమూసింది. భర్త పోయాక దాదాపు యాభై ఏళ్ళు బతికింది. ఆ కాలమంతా ఆమె అడిగినవాటిలో ఒకటి, భర్త సమాధి నుంచి పిడికెడు మట్టి. 2015 చివర్లో ముఖ్యమంత్రే కలశంలో మట్టి తెచ్చి ఇవ్వబోతే ఆ కుటుంబం పుచ్చుకోలేదు. ఇది ఆయన సమాధి మట్టేనని నమ్మకమేమిటని అడిగారు. తర్వాత త్రిపుర వెళ్ళి, 2016 జనవరిలో సమాధి దగ్గరి మట్టి ఊరికి తెచ్చుకున్నారు.

నలభై ఏళ్ళు దాటి ఎదురుచూసిన వస్తువు ఎదురుగా వచ్చినప్పుడు, ఇంత పెద్దమనిషి తెచ్చాడు కదా అని తీసుకుని దండం పెట్టడం సులువు. అది నిజమైనదైతేనే నాకు కావాలి అనడానికి ఎంత గుండె కావాలి! కిమ్మనకుండా భరించేవాళ్ళలో ఆ గుండె పుట్టదు. తనకు ఏది ముఖ్యమో తెలిసి, దాన్ని చిన్నబుచ్చనివ్వని మనిషిలో పుడుతుంది. వ్యక్తిత్వం అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూపలేను.

మన ఊళ్ళకు తిరిగొద్దాం. ఈ ఇల్లాళ్ళకు ఇంకో పరీక్ష ఉంటుంది, దాని గురించి ఎవరూ రాయరు. ముప్పై అయిదు, నలభై ఏళ్ళకు భర్త పెన్షన్ మీద ఇంటికొస్తాడు. అన్నాళ్ళూ ఇంటి తాళం చెవి ఆమె నడుముకే ఉంది. పిల్లలు ఏది కావాలన్నా తల్లినే అడుగుతారు. ఆయనకు తెల్లవారుజామున లేచి అన్నీ వరసలో పెట్టడం, చెప్పిన మాట వెంటనే జరగడం అలవాటు. ఇంట్లో అలా జరగదు. లీవులో వచ్చినప్పుడు చుట్టంలా చూసుకున్న మనిషి ఇప్పుడు రోజూ ఉంటాడు. ఆయన తప్పూ కాదు, ఆమె తప్పూ కాదు. ఆ మొదటి రెండేళ్ళూ చాలా ఇళ్ళలో మాటలు పెరిగాయి. తెలివైన ఇల్లాలు పెత్తనమంతా ఒక్కసారి వదిలేయదు, బిగబట్టుకునీ కూర్చోదు. సేద్యం లెక్కలో, కొడుకు చదువో ఒకటి ఆయనకు అప్పజెప్పి, తప్పు జరిగినా నోరు మెదపకుండా ఆయన నేర్చుకునేదాకా ఆగుతుంది. ఒంటరిగా నడిపించడం ఒక శక్తి, నడిపించినదాన్ని పంచుకోవడం దానికంటే పెద్ద శక్తి. విదేశాల్లో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన భర్తలున్న ఇళ్ళకు కూడా ఇది పనికొస్తుంది.

ఈ బతుకులో దుఃఖం లేదని నేను చెప్పను. 2025 మే 9న జమ్మూ కశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో, పెనుకొండ నియోజకవర్గం గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ ప్రాణమిచ్చాడు. ఆ తండాకు మంత్రులు వచ్చారు, జనం వేలల్లో వచ్చారు. జనం వెళ్ళిపోయిన తర్వాతి నెలలు తల్లికి ఎలా గడుస్తాయో, అదే దారిలో బిడ్డను పంపిన ఇంకో తల్లికే తెలుస్తుంది. అలాంటి ఇంటికి మొదటి వారం వెళ్ళడం మర్యాద. ఆరో నెలలో వెళ్ళి కూర్చోవడం నిజమైన సాయం.

చివరగా కాగితాల మాట. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ముసలితనమంతా దీనిమీదే నిలుస్తుంది. సిపాయి పెళ్ళి, పిల్లల పుట్టుక యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరు అనే అధికారిక రికార్డుగా నమోదు కావాలి. చాలామంది అమ్మలకు ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఒకటి, ఆధార్‌లో ఎక్కిన పేరు ఇంకొకటి. ఈ మూడూ కలవకపోతే భర్త పోయాక కుటుంబ పెన్షన్ దగ్గర చిక్కు మొదలవుతుంది. మామూలు కుటుంబ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం, డ్యూటీ కారణంగా మరణిస్తే 60 శాతం, యుద్ధంలో మరణిస్తే పూర్తి జీతమంత. ఇవి దయతో వేసేవి కావు, ఆమె హక్కు. ఆయన ఉండగానే డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ ఆర్డరు తీయించి, తన పేరు ఎలా ఉందో చదివించుకున్న స్త్రీకి తర్వాత ఎవరి గుమ్మం ముందూ నిలబడవలసిన పని లేదు. బతికి ఉండగా భర్త మరణం గురించి మాట్లాడటం అశుభమనుకుని వెనకాడకండి. ప్రేమ ఉన్నవాళ్ళే ఆ మాట ముందు మాట్లాడుకుంటారు.

మీ వీధిలో, మీ సంఘంలో మిలిటరీ పెన్షన్ మీద బతుకుతున్న పెద్దావిడ ఉంటే, ఈ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆమెకు తోడు వెళ్ళండి. వేలిముద్ర పడకపోతే పక్కన ఉండి సాయం చేయండి. పేరులో తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మీరే తీసుకెళ్ళండి. తిరిగొచ్చాక ఆమె దగ్గర కాసేపు కూర్చుని, అవ్వా, ఆ రోజుల్లో ఎట్లా నెట్టుకొచ్చినావు అని అడగండి. ఆమె చెప్పింది రాసి పెట్టుకోండి.