మిషను మీద నెపం వద్దు
సంఘం కంప్యూటరు – మన బాధ్యత

పాల సేకరణ కేంద్రంలో కంప్యూటరు, ఎలక్ట్రానిక్ కాటా, అనలైజరు ఉన్నచోట పాలు పోసిన వెంటనే సభ్యునికి తూకం, వెన్న శాతం, డబ్బు రాసిన చీటీ అందుతుంది. ఇది మంచి సౌకర్యమే. అయితే తేడా వచ్చినప్పుడు “కంప్యూటరు అలా చూపింది, మేమేం చేస్తాం” అనడం కొన్నిచోట్ల అలవాటైంది. ఈ మాట సహకార సంఘానికి తగదు. అనలైజరును కడిగేది, నమూనా తీసేది, లెక్క సరిచూసేది మనుషులే.

తేడా విలువ ఎంత?

పూటకు 10 కిలోల గేదె పాలు పోసే సభ్యుని తీసుకుందాం. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. వెన్న 6.5 శాతం ఉంటే 520 రూపాయలు రావాలి. అనలైజరు 6.0 చూపితే వచ్చేది 480 మాత్రమే. పూటకు 40, రోజుకు 80, పదిహేను రోజుల బిల్లులో 1,200 రూపాయలు నష్టం. అనలైజరు ఎక్కువ చూపితే ఆ లోటు సంఘం మీద పడుతుంది. సంఘం అంటే మనమందరమే.

రోజూ చేయవలసినవి

1. ప్రతి పూటా పని ముగిశాక అనలైజరును కంపెనీ చెప్పిన పద్ధతిలో శుభ్రపరచాలి. గొట్టంలో పాల జిడ్డు ఎండిపోతే అంకెలు తప్పుతాయి.
2. పాలను బాగా కలిపిన తరువాతే నమూనా తీయాలి. నురుగు, గాలి బుడగలు ఉండరాదు.
3. వారానికి ఒకసారైనా ఒకే నమూనాను అనలైజరులోనూ, గెర్బర్ పద్ధతిలోనూ పరీక్షించి రెండు అంకెలూ పుస్తకంలో రాయాలి. గెర్బర్ పరీక్షకు 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు వాడతారు. ఆమ్లం వంటికి తగలకుండా జాగ్రత్త పడాలి.
4. రోజువారీ లెక్కలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వేరేచోట భద్రపరచాలి.

మిషను ఆగినప్పుడు

తెర మీద కనిపించిన మాటలను ఉన్నవి ఉన్నట్లు కాగితం మీద రాసుకోవాలి. తరువాత ప్లగ్గు, యు.పి.ఎస్., కాటాకు అనలైజరుకు వెళ్లే తీగలు ఒక్కొక్కటిగా చూడాలి. ఒకేసారి నాలుగు మార్చితే లోపం ఎక్కడో తెలియదు. పెట్టె విప్పరాదు. అనలైజరు సెట్టింగులను ఎవరికి వారు మార్చరాదు.

సేకరణ మాత్రం ఆగరాదు. తూకాన్ని రిజిస్టరులో సిరాతో రాసి, సభ్యుని నంబరు వేసిన సీసాలో నమూనా ఉంచి, ఆ పూటే గెర్బర్ పరీక్ష చేయాలి. మిషను బాగైన తరువాత ఒకరు చదువుతుండగా మరొకరు ఆ లెక్కలు ఎక్కించాలి. నిన్నటి అంకెనే అంచనాగా వేయడం తప్పు.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు

ముందుగా లెక్కల నకలు తీసుకోవాలి. ఇచ్చిన వస్తువుకు రసీదు పొందాలి. ఏ భాగం మార్చారో, ఎంత తీసుకున్నారో, ఏ తేదీన జరిగిందో మరమ్మతుల పుస్తకంలో రాయించి సంతకం తీసుకోవాలి. మార్చిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోవాలి. తిరిగి వచ్చిన మిషనును ఇద్దరు సభ్యుల ఎదుట పరీక్షించిన తరువాతే వాడాలి.

సభ్యుల వంతు

చీటీని మడిచి జేబులో పెట్టుకోకుండా అక్కడే చదవండి. అనుమానం ఉంటే ఆ పూటే, నమూనా ఉండగానే అడగండి. పదిహేను రోజుల తరువాత అడిగితే రుజువు ఉండదు. కార్యదర్శి కూడా అడిగినవారిని తగవుదారులుగా చూడక మళ్లీ పరీక్ష చేసి చూపాలి. తప్పు దొరికితే బిల్లు సవరించాలి.

సంఘ సమావేశంలో చర్చించండి

1. మన అనలైజరును చివరిసారి గెర్బర్ పరీక్షతో సరిచూసింది ఎప్పుడు?
2. రేపు ఉదయం కంప్యూటరు పనిచేయకపోతే ఎవరు ఏ పని చేయాలి?
3. మన మరమ్మతుల పుస్తకం ఎవరి వద్ద ఉంది?

ఈ మూడింటికీ పేర్లతో, తేదీలతో జవాబు చెప్పగల సంఘంలో సభ్యుని డబ్బు భద్రంగా ఉంటుంది.