వాయువులను విడదీయు పొర

పేడను గాలి చొరని తొట్టిలో మురుగనిచ్చినపుడు పుట్టు వాయువులో నూటికి సుమారు 60 పాళ్లు మీథేను; తక్కినది చాలవఱకు బొగ్గుపులుసు వాయువు. మొదటిది మండును. రెండవది మండదు సరికదా, తేమతో గూడి ఆమ్లమై యినుపగొట్టములను తినివేయును. భూమిలోతులనుండి తీయు సహజవాయువులోను తఱచుగా ఈ చిక్కే కలదు.

ఈ రెంటిని వేఱుచేయుటకు పాలిమరు పదార్థములతో చేసిన పలుచని పొరలను వాడుదురు. పొర యనగానే విద్యార్థులు జల్లెడ యని వ్రాయుదురు. అది సగము మాత్రమే నిజము. 1866వ సంవత్సరమున థామస్ గ్రాహము అను రసాయనశాస్త్రజ్ఞుడు రబ్బరు పొరను పరీక్షించి, వాయువు మొదట దానిలో కరగి, పిమ్మట లోలోపల ప్రాకి, ఆవలివైపున మరల వాయువై వెలువడునని తెలిపెను. ఇందు కంటికి గాని సూక్ష్మదర్శినికి గాని తగులు రంధ్రములతో పనిలేదు. బొగ్గుపులుసు వాయువు ఇట్టి పొరలలో మీథేనుకంటె హెచ్చుగా కరగును. దాని అణువు సన్ననిది కూడ: వ్యాసము 3.3 ఆంగ్‌స్ట్రాములు, మీథేనుది 3.8. ఆంగ్‌స్ట్రామనగా మిల్లీమీటరులో కోటియవ వంతు. ఇంతటి స్వల్పభేదముపై ఈ పనియంతయు నాధారపడియున్నది! ఒకవైపు ఒత్తిడి హెచ్చించినచో బొగ్గుపులుసు వాయువు ముందుగా దాటిపోవును, మీథేను వెనుక నిలుచును.

అయితే ఒత్తిడి మిక్కిలి హెచ్చినపుడు పొరలో కరగిన బొగ్గుపులుసు వాయువే దానికి శత్రువగును. నానిన శనగవలె పొర యుబ్బును. దాని గొలుసులవంటి అణువులు సడలును. ఆ సందున మీథేనును జాఱిపోవును. అట్లు పోయినది వంటచెఱకు నష్టము మాత్రమే కాదు. నూఱేండ్ల లెక్కలో, తూకమునకు తూకము, మీథేను బొగ్గుపులుసు వాయువుకంటె 25 రెట్లకు పైగా భూమిని వేడిచేయును.

దీనికి మిశ్రమమే యొక యుపాయము. మాట్రిమిడ్ అను పాలిమరు వాయువును చక్కగా పోనిచ్చును గాని యుబ్బును. పి-84 అనునది యుబ్బుట కోర్చును గాని వాయువును మిక్కిలి మెల్లగా పోనిచ్చును. ఈ రెంటిని ఒకే ద్రావకమున కరగించి, పలుచగా పోసి, ఆరబెట్టిన పొర యుబ్బుటను అరికట్టునని నెదర్లాండ్సు పరిశోధకులు 2001లో ప్రకటించిరి. వేగము కొంత తగ్గును. ఆ వెల చెల్లింపదగినదే యని నా యభిప్రాయము.

ఏ రెండు పాలిమరులైనను ఇట్లు కలియునని తలంపరాదు. పెక్కు జంటలు నూనెయు నీరును వలె విడిపోవును. అందుచే పొరను మెల్లగా వేడిచేసి, గాజువంటి బిఱుసుదనము సడలు ఉష్ణోగ్రతను కనిపెట్టుదురు. అది యొక్కటియే యైనచో, ఆ రెండును లోపల నేకమైనవని యెంతురు. రెండు కనబడినచో, విడివిడిగానే యున్నవని గ్రహింతురు.