అడుగు ఆకు చెప్పే కబురు

వరి కూడా గడ్డి జాతి మొక్కే. గరిక, జొన్న, మొక్కజొన్న, చెరకు అన్నీ దాని చుట్టాలే. ఈ జాతిలో ఆకు మొదలు దగ్గర పెరుగుతుంది, కొస దగ్గర కాదు. అందుకే మేక కొస కొరికినా గరిక మళ్ళీ లేస్తుంది. కొస ముందు పుట్టింది కనుక ఆకు పండేటప్పుడు కూడా కొస నుంచే పండుతుంది.

ఆకు పెరగాలంటే నత్రజని కావాలి. అది సరిగా అందితే ఆకులు పొడవుగా, వెడల్పుగా వస్తాయి. పిలకలు బాగా వేస్తాయి. అందకపోతే ఆకు సన్నబడుతుంది, దుబ్బు కట్టదు.

నేలలో నత్రజని తక్కువైతే మొక్క ఏం చేస్తుంది? ముసలి ఆకులో ఉన్నదాన్ని వెనక్కి తీసుకుని లేత ఆకుకు పంపుతుంది. ఇంట్లో అన్నం చాలకపోతే అమ్మ తన కంచంలోది పిల్లలకు పెట్టదూ, అలాగే. ఇచ్చేసిన అడుగు ఆకు పసుపు రంగుకు తిరిగి ఎండిపోతుంది. పై ఆకు మాత్రం ఇంకొంత కాలం పచ్చగానే ఉంటుంది. కాబట్టి గట్టు మీద నిలబడి చూస్తే లాభం లేదు. మడిలోకి దిగి, దుబ్బు విడదీసి, అడుగున చూడాలి.

కొన్నిసార్లు దీనికి తిరగబడి ఉంటుంది. అడుగు ఆకులు పచ్చగా ఉండి, పైన లేత ఆకు పాలిపోతుంది. మెట్ట నారుమళ్ళలో ఇనుము అందనప్పుడు ఇలా అవుతుంది. నత్రజని కదిలినట్టు ఇనుము ముసలి ఆకు నుంచి లేత ఆకుకు కదలలేదు. దీనికి యూరియా చల్లితే డబ్బు దండగే. అన్నభేది నీళ్ళలో కలిపి పిచికారీ చేయాలి. ఎంత కలపాలో వ్యవసాయ అధికారిని అడగండి.

"పక్కోళ్ళ చేను నల్లగా నిగనిగలాడుతోంది, మనమూ ఇంకో బస్తా వేద్దాం" అంటుంటారు. ఆ నలుపును చూసి ఆశపడొద్దు. నత్రజని మరీ ఎక్కువైతే ఆకు మెత్తబడుతుంది. సుడిదోమ చేరుతుంది. అగ్గితెగులు, పాముపొడ తెగులు పెరుగుతాయి. గాలివానకు పైరు పడిపోతుంది. పండాల్సిన వేళకు ఆకులు పండవు, కోత ఆలస్యమవుతుంది. యూరియాకు పెట్టిన డబ్బు చాలక, పురుగు మందుకూ అప్పు చేయాల్సి వస్తుంది.

గింజ పాలు పోసుకునేటప్పుడు ఆకుల్లోని నత్రజని గింజకు చేరుతుంది. అందుకే కోత దగ్గరపడే కొద్దీ ఆకులు పండుతాయి. అది రోగం కాదు. ఆ పసుపు చూసి కంగారుపడి యూరియా చల్లకండి.

నాట్లప్పుడు కొంత, పిలకలు వేసేటప్పుడు కొంత, చిరుపొట్ట దశలో కొంత, ఇలా మూడుసార్లు వేస్తే పైరుకు అందుతుంది. ఒకేసారి గుమ్మరిస్తే చాలా భాగం గాలిలో, నీళ్ళలో పోతుంది. పిలకల దశలో, చిరుపొట్ట దశలో వేసేటప్పుడు మడిలో నీరు తీసేసి బురద పదునులో చల్లాలి. ఒకటి రెండు రోజులాగి పలచగా నీరు పెట్టాలి.

బస్తా మీద బరువు, నత్రజని శాతం అచ్చు వేసి ఉంటాయి. కొట్లో వాళ్ళు చెప్పేదాకా ఆగకుండా మీరే చదవండి. మామూలు యూరియా 100 కిలోల్లో 46 కిలోలు నత్రజని ఉంటుంది. బస్తా బరువును 2018లో 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించారు. అంటే 45 కిలోల బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల 700 గ్రాములు. మీ పొలానికి 60 కిలోల నత్రజని కావాలని అధికారి చెబితే ఎన్ని బస్తాలు కొనాలి? లెక్క వేసి చూడండి.