చింతచెట్టు ఎప్పుడు నిద్రపోతుంది?

విద్యార్థులారా! రోజూ సాయంత్రం మీ వీధిలో ఒక అరగంట నడవండి. దారి మార్చకండి. చూసిన దారే కదా అని విసుక్కోకండి. రోజూ చూసేవారికే మార్పు కనిపిస్తుంది.

చింతచెట్టునే తీసుకోండి. పగలు విచ్చుకొని ఉన్న చిట్టి ఆకులు చీకటి పడే వేళకు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. నిద్రగన్నేరు కూడా అంతే. వెలుతురు తగ్గడమే దీనికి కారణమా?

1729లో డి మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి వంటి మొక్క నొకదానిని చీకటిలో ఉంచి చూశాడు. ఎండ తగలకపోయినా పగలు దాని ఆకులు విచ్చుకున్నాయి, రాత్రి ముడుచుకున్నాయి! మొక్కలోనే గడియారం వంటి ఏర్పాటు ఉన్నదని తరువాతి పరిశోధనల్లో తేలింది. రోజూ వచ్చే వెలుతురు ఆ గడియారాన్ని సరిచేస్తూ ఉంటుంది.

ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. అందులో ఒకవైపు కణాల నుంచి పొటాషియం అయాన్లు బయటికి పోతాయి. వాటి వెంట నీరూ పోతుంది. ఆ కణాలు బిగువు తగ్గి ఆకు ముడుచుకుంటుంది. తెల్లవారేసరికి నీరు తిరిగి చేరుతుంది.

మా బడి దారిలోని చింతచెట్టు ముడుచుకునే వేళను మా పిల్లలు 20 రోజులు రాసుకున్నారు. ఆ తరువాత రోడ్డు వెడల్పు చేయడానికి దానిని కొట్టివేశారు. ఇప్పుడు మిగిలింది ఆ నోటుపుస్తకమే.

మీ వీధిలో చెట్టు ఉంటే నేడే మొదలుపెట్టండి. ఆకులు ముడుచుకున్న వేళ, సూర్యుడు అస్తమించిన వేళ పక్కపక్కనే రాయండి. మబ్బు పట్టిన రోజున ఏమైంది? మీరే చూసి చెప్పండి.